ఇంకొక్క గురువారం

ముఖాలు గీసి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. చెట్లూ కొండలూ చేతకాక కాదు. చెట్టును ఏమడిగినా జవాబు చెప్పదు కనుక దాని మీదకు ఆయన మనసు పోదు. ఎదురుగా మనిషి కూర్చోవాలి, ఏదో ఒకటి చెప్పుకోవాలి, చెబుతూ చెబుతూ ఆగిపోవాలి. అలా ఆగిపోయాక ఒక ఇరవై నిమిషాలపాటు మనిషి తన ముఖాన్ని సర్దుకోవడం మరచిపోతుంది. నుదురు వదులవుతుంది, పెదవి తన ఇష్టమొచ్చినట్టు ఉంటుంది, ఎదురుగా ఒకడున్నాడన్న సంగతే కళ్లకు పట్టదు. ఆ ఇరవై నిమిషాల కోసమే ఆయన మిగతా పనంతా చేస్తాడు.

చూసినవాళ్లంతా ఆయన మనిషి లోపలికి చూస్తాడనేవారు. పత్రికలవాళ్లూ అదే రాశారు. లోపలికి చూడడమూ లేదు, పాడూ లేదు. అడుగుతాడు, అంతే. ఒక రిటైరైన హెడ్మాస్టరును కూర్చోబెట్టి, మీరు అన్యాయంగా కొట్టిన పిల్లవాడెవరైనా గుర్తున్నాడా అని అడిగాడు. మెడ నిక్కించి కూర్చున్న ఆ పెద్దమనిషి పావుగంటలో కరిగి నీరైపోయాడు. బట్టల కొట్టు యజమానురాలిని, మీ అమ్మగారితో ఆఖరుసారి ఏం మాట్లాడారు అని అడిగాడు. ఎవరికి ఏ ప్రశ్న తగులుతుందో ఆయనకు ఇట్టే తెలిసిపోయేది. అది మంచి విద్యో చెడ్డ విద్యో ఆయన ఏనాడూ ఆలోచించుకోలేదు. బొమ్మ బాగా వచ్చేది, కూర్చున్నవాళ్లు కూడా తేలికపడ్డట్టే కనిపించేవారు. ఇక గొడవేముంది?

ఆ గదిలో ఒక నియమం మాత్రం ఉండేది. ఎదుటివాళ్లు ఎంత చెప్పుకున్నా, కళ్లనీళ్లు పెట్టుకున్నా, ఆయన నోటి వెంట "అయ్యో" అన్న మాట రాకూడదు. ఆ ఒక్క మాట అన్నామా, మనిషి తేరుకుంటుంది. ముక్కు తుడుచుకుని, కొంచెం సిగ్గుపడి, పర్వాలేదు లెండి అంటుంది. ఆ పర్వాలేదు లెండి ముఖం కావాలంటే సందు చివర ఫొటో స్టూడియో ఉంది, ఇంత దూరం రావడం దేనికి? అందుకని ఆయన నోరు కుట్టేసుకుని కుంచె కదిలించేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ నియమం తప్పలేదు. అలవాటు ముదిరి ఇంటికి కూడా పాకింది. తనకు జ్వరమొస్తే ఈ మనిషి నుదురు మీద చెయ్యి వేసేలోగా జ్వరమే తగ్గిపోతుందని భార్య దెప్పుతూ ఉండేది.

ఆయనకు ఒక చెల్లెలు. కళ్లజోళ్ల దుకాణంలో పని. వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేము సరిచేయడం, చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో కనుక్కుని వంపు తీయడం, అద్దం తుడిచి చేతికివ్వడం. చేతివేళ్లు నాజూకుగా, తొందర లేకుండా పనిచేస్తాయి. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మూడేళ్ల కిందట ఎక్కడో దూరపు ఊళ్లో లిఫ్టు ఆగిపోయిందంటే బయలుదేరి వెళ్లాడు. దారిలో వ్యాను బోల్తా పడి పోయాడు. పిల్లల్లేరు. పదిహేను రోజులు గడిచాక ఆమె మళ్లీ దుకాణానికి వెళ్లింది. నలుగురిలో నవ్వడమూ మానలేదు. గట్టి మనిషి అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

ఆ తర్వాతే ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. ఫోను మోగితే చాలు, చేతికి సబ్బున్నా నోట్లో ముద్దున్నా ఎత్తవలసిందే. తప్పు నంబరైనా సరే, అక్కర్లేని సరుకు అంటగట్టేవాళ్లైనా సరే, అవతలివాళ్లంతట వాళ్లు పెట్టేసేదాకా తాను పెట్టేది కాదు. ఒకసారి నీళ్ల ట్యాంకులు కడిగే కంపెనీ అమ్మాయితో అరగంట మాట్లాడితే, చివరికి ఆ అమ్మాయికే విసుగొచ్చి పెట్టేసింది. చిత్రకారుడి కూతురు మేనత్తకు "హలో అత్త" అని పేరు పెట్టింది. ఇల్లంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది మేనత్తే.

చెల్లెల్ని కూర్చోబెట్టాలని ఆయన ముందుగా అనుకోలేదు. ఊళ్లో పేరున్న చిత్రశాలవాళ్లు ఆయన గీసిన ముఖాలను ఎనిమిదింటిని ప్రదర్శనకు పెడతామన్నారు. ఏడు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిదోదానికి ఒప్పుకున్న లాయరుగారు కోర్టు పనంటూ తప్పించుకున్నాడు. ఎవరా అని తలపట్టుకుని ఉండగా భార్యే అంది, మీ చెల్లెలికి గురువారాలు సెలవే కదా, ఒంటరిగా ఇంట్లో కూర్చునే బదులు మీ ఎదురుగా కూర్చుంటుంది, రమ్మనండి అని. చెల్లెలు నవ్వి, నా ముఖం కూడా ఒక ముఖమేనా అంటూనే వచ్చింది.

స్టూడియో అంటే ఒక ప్రెస్సు పైన అద్దెకు తీసుకున్న గది. కింద యంత్రం ఆడుతుంటే నేల సన్నగా అదురుతూ ఉంటుంది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, కిటికీ ఎదురుగా చేతులున్న పాత కుర్చీ, గోడ పొడవునా వెనక్కి తిప్పి ఆనించిన బొమ్మలు. నూనె వాసన, రంగుల వాసన, కింద నుంచి సిరా వాసన, అన్నీ కలిసి మొదటిసారి వచ్చినవాళ్లకు తల తిప్పేస్తాయి. చెల్లెలు వస్తూనే కిటికీ అద్దం చూసి, అన్నయ్యా, దీన్ని తుడిచి ఎన్నాళ్లయింది అని కొంగుతో పని మొదలుపెట్టబోయింది. ఆయన వారించి కూర్చోబెట్టాడు.

మొదటి గురువారం బొగ్గుతో గీతలు. రెండో గురువారం మట్టిరంగు పలచగా పూసి, ఎక్కడ వెలుగు ఎక్కడ నీడ అని హద్దులు పెట్టుకున్నాడు. అంతా సరిగ్గానే ఉంది, ముఖమే లేదు. అంటే ముక్కూ కళ్లూ ఉన్నాయి, పోలిక కూడా కుదిరింది. కాని ఆ కూర్చున్నది దుకాణంలో మనిషి. ఈ ఫ్రేము మీకు బాగా నప్పుతుందండీ అనే ముఖం. ఆ ముఖాన్ని దాటి ఆమె రావడం లేదు. ఏ ప్రశ్న అడగాలో ఆయనకు మొదటి రోజునుంచే తెలుసు. చెల్లెలు కదా అని తటపటాయించాడు. ఆ తటపటాయింపు సరిగ్గా రెండు గురువారాలు నిలిచింది.

మూడో గురువారం రంగులు కలుపుతూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు, మీ ఆయన పోయిన రోజు పొద్దున మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు అని.

ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. మాట్లాడుకోవడం కాదట, దెబ్బలాడుకున్నారట. ఇద్దరూ కలిసి ఎటైనా వెళదామని ఆమె నెలరోజుల ముందే సెలవు పెట్టుకుంది. ఆ రోజు పొద్దున ఫోను రాగానే భర్త పనిముట్ల సంచీ సర్దుకున్నాడు. నీకు లిఫ్టులే పెళ్లాలు, వాటితోనే కాపురం చెయ్యి అంది ఆమె. ఆయన కూడా ఏదో అన్నాడు. ఆయన గడప దాటుతుంటే, నేనూ దుకాణానికే పోతానని అరిచి, ఈమె కూడా సెలవు వద్దనుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆయన దగ్గరనుంచి ఫోను వచ్చింది.

"కట్ చేశాను అన్నయ్యా. దుకాణంలో ఈగ కూడా లేదు. కావాలనే కట్ చేశాను. ఉడకనీ అనుకున్నాను. గంటన్నర తర్వాత పోలీసులు చేశారు. ఆయన నా మీద కోపంతోనే పోయారు. లేకపోతే నేనిక తనతో మాట్లాడనని అనుకుంటూ పోయారు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా."

హలో అత్త ఎందుకు హలో అత్త అయిందో చిత్రకారుడికి ఆ క్షణాన అర్థమైంది. ఆ పేరుకు తానెంత పగలబడి నవ్వాడో కూడా గుర్తొచ్చింది. దానితోపాటు ఇంకొకటి గుర్తొచ్చింది. ఈ కథలో అసలు సంగతి అదే.

ఆ రోజు మధ్యాహ్నం బావమరిది చిత్రకారుడికి కూడా ఫోను చేశాడు. చెల్లెలు కట్ చేసిన వెంటనే. దారిలో టీ తాగడానికి ఆగామని చెప్పి, నవ్వుతూ అన్నాడు, "బావా, మీ చెల్లెలు నా ఫోను కట్ చేసింది. ఎదురుగా కళ్లజోళ్లవాళ్లు ఉండుంటారు. నేను రేపటికి గాని రాను, చెప్పు. పొద్దున తప్పు నాదేనని కూడా చెప్పు. నువ్వే చెప్పు బావా, నాకు సిగ్గు." సరేనన్నాడు ఈయన. సాయంత్రం చెబుదామనుకున్నాడు. సాయంత్రానికి ఆ ఇల్లు ఇల్లులా లేదు. తర్వాత చెబితే పుండు కెలికినట్టవుతుందనుకున్నాడు. ఆ తర్వాత అదొక చిన్న విషయం అనుకున్నాడు. చెల్లెలు మూడేళ్లుగా గుండెల మీద ఇంత బండ పెట్టుకుని తిరుగుతోందని, దాన్ని దించే మాట తన దగ్గరే ఉందని ఆయనకు తెలియదు.

ఇప్పుడు తెలిసింది. నోరు తెరిస్తే చాలు. పట్టుమని పది మాటలు కూడా కాదు.

ఆయన తలెత్తి చూశాడు. చెల్లెలు చెప్పడం ఆపేసింది. కిటికీ వెలుగు ఎడమ చెంప మీద పడుతోంది. ఎడమ కన్ను కొంచెం కిందికి దిగింది, రెప్ప సగంలో ఆగింది. ముప్పై ఏళ్లలో అలాంటి ముఖం ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆయన చెయ్యి ఆయనకంటే ముందే కుంచె మీదకు వెళ్లింది. కనుకొలుకు కింద ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు, దాని పక్కన ఒక చుక్క తెలుపు. కింద ప్రెస్సు ఆడుతూనే ఉంది. ఇరవై నిమిషాలు ఆయన ఒక్క మాట అనలేదు. అన్నాడా, ఆ కన్ను పోతుంది.

కన్ను అయ్యేసరికి ఆమె లేచి నీళ్లు తాగింది. వెళుతూ గుమ్మం దగ్గర నిలబడి, "ఎవరూ అడగలేదు అన్నయ్యా. నువ్వు అడిగావు" అంది. ఆయన తల దించుకుని కుంచెలు కడుక్కున్నాడు. ఇంకొక్క గురువారం, మూతి ఒక్కటి పడిందంటే చెప్పేస్తాను, ఎటూ మూడేళ్లు ఆగిన మాటే కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఎంత తేలిగ్గా సర్దిచెప్పుకున్నాడంటే, ఇంటికి వెళ్లి కడుపునిండా తిని పడుకున్నాడు.

నాలుగో గురువారం మళ్లీ అడిగాడు. ఫోను మోగినప్పుడు ఏ చేత్తో కట్ చేశావు అని కూడా అడిగాడు. అది అడగవలసిన ప్రశ్నేనా? ఆమె మాత్రం పాపం బుద్ధిగా చెప్పింది. ఆ వారం గీసిన మూతి ఆయనకు నచ్చలేదు. ఏడుపు ఎక్కువైంది, అసలు సంగతి తక్కువైంది అనుకుని, పచ్చి ఆరకముందే కత్తితో గీకేశాడు. అందుకని అయిదో గురువారం, మొదటినుంచి ఇంకోసారి చెప్పు అన్నాడు. ఆమె మొదటినుంచి చెప్పింది. ఈసారి మూతి కుదిరింది. ఏదో అనబోయి, ఎవరికి చెప్పాలో తెలియక మానుకున్న పెదవి. దాన్ని చూసి ఆయనకే ఒళ్లు జలదరించింది. ఇంత బాగా గీశాననే సంతోషం ముందు వచ్చింది, సిగ్గు తర్వాత వచ్చింది. ఆ వరస కూడా ఆయన గమనించాడు. గమనించి ఏం లాభం?

ఈలోగా ఇంట్లో భార్య పట్టుకుంది. మీ చెల్లెలు చిక్కి సగమైపోతోంది, నిద్ర పట్టడం లేదంటోంది, మధ్యాహ్నం దుకాణంలో ఎవరిదో కొత్త ఫ్రేము చేతిలోనే విరిచేసిందట, మీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టిన దగ్గరనుంచే ఇదంతా, అసలేం మాట్లాడుకుంటున్నారక్కడ అని నిలదీసింది. ఆయన నీళ్లు నమిలాడు. పాత సంగతులు అన్నాడు. పాత సంగతులు నెమరేసుకుంటే మనిషి తేలికపడాలి గాని ఇలా అవుతుందా అని ఆవిడ అంది. ఆయన మాట దాటేసి, కూతురి పరీక్షల గురించి అడిగాడు. కూతురి పరీక్షల గురించి ఆయన అడగడం ఆ ఏడాదిలో అదే మొదలు. భార్య అనుమానంగా చూసింది.

ఆరో గురువారం నుదురూ కుడి కంటి నీడా ముగించాడు. ముఖం పూర్తయింది. నాలుగడుగులు వెనక్కి నడిచి చూసుకున్నాడు. ఇక చెప్పేయవచ్చు. ఆమె లేచి కొంగు సర్దుకుంటోంది. ఆయన వెనక్కి తిరిగి రంగుల పలక గీకసాగాడు. చెబితే మొట్టమొదట అడిగేది ఒక్కటే కదా, ఎప్పుడు గుర్తొచ్చింది అని. ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, "నువ్వు నోరు తెరిచి పలకరించే రకం కాదని అందరూ అంటారు. పలకరించడం రాక, బొమ్మ వంకన నన్ను రప్పించి చెప్పించుకుంటున్నావని నాకు తెలుసులే. మంచివాడివి అన్నయ్యా నువ్వు" అంది. అని నవ్వింది.

ఆయన ఆ మాటను కాదనలేదు. చిన్నప్పటినుంచీ ఆయన్ను ఎవరూ మంచివాడని అనలేదు. గొప్పవాడన్నారు, పనిమంతుడన్నారు. మంచివాడనడం వేరు. అది ఆయనకు తీపిగా ఉంది, నాలుక మీదనుంచి పోనివ్వబుద్ధి కాలేదు.

ఏడో గురువారం, ముఖం అయిపోయింది, ఇవాళ చెయ్యి ఒక్కటే, హాయిగా కూర్చో అన్నాడు. కుర్చీ చేతి మీద ఆనించిన కుడి చెయ్యి. ఆ రోజు ఆయన ఏమీ అడగలేదు. ఆమే మొదలుపెట్టింది. అలవాటైపోయింది కదా. రాత్రి కలలో ఫోను మోగిందట, ఎత్తేలోపు ఆగిపోయిందట. తిరిగి చేస్తే ఎంతసేపటికీ ఎవరూ ఎత్తలేదట. ఆయన వేళ్ల కణుపుల దగ్గర ఎరుపు కలుపుతూ విన్నాడు. ఒకప్పుడు ఉంగరం ఉన్న చోట లేత చార గీశాడు. చెయ్యి బాగా వచ్చింది. ఆమె వెళ్లిపోయింది.

మరుసటి సోమవారం చిత్రశాల నుంచి ఒకమ్మాయి వచ్చింది. ప్రదర్శన రోజు పంచే పుస్తకంలో చిత్రకారుడి గురించి రాసే పని ఆ అమ్మాయిది. వేసుకున్న చెప్పులు గుమ్మంలోనే విప్పి, నేల మీద రంగు మరకలు తొక్కకుండా నడిచి, నోటు పుస్తకం తెరిచింది. మీకు ప్రేరణ ఎక్కడినుంచి వస్తుంది సార్ అని అడిగింది. ఈ ప్రశ్నకు ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా కుట్టించి పెట్టుకున్న జవాబు ఒకటుంది. మనిషి ముఖం ఒక ఇల్లు లాంటిది, నేను తలుపు కొట్టి బయట నిలబడతాను, వాళ్లంతట వాళ్లే తీస్తారు అంటాడు. అంటే చాలు, విన్నవాళ్లు తల ఊపుతారు. ఆ రోజు కూడా అన్నాడు. అమ్మాయి తల ఊపి రాసుకుంది. ఎలా గీస్తారు, ఎన్నాళ్లు పడుతుంది, ముందు ఏది గీస్తారు అని అడిగింది. ముందు కళ్లు, చివర చేతులు అని చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

అప్పుడు బొమ్మ చూపించాడు. ఆ అమ్మాయి నోటు పుస్తకం మూసేసింది. చాలాసేపు నిలబడి చూసింది. మెచ్చుకుంటుందని ఆయన ఎదురుచూస్తున్నాడు. ఎంత సిగ్గుమాలినతనమో చూడండి, అప్పటికి కూడా ఎదురుచూస్తున్నాడు.

"ఈవిడకు ఎవరైనా ఒక్క మాట చెబితే బాగుండు అనిపిస్తోంది సార్" అంది ఆ అమ్మాయి.

ఎవరో సందులో నిలబెట్టి చెంప వాయించినట్టయింది ఆయనకు. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. చూసిన దాన్ని చూసినట్టు అంది. ముప్పై ఏళ్లుగా ఆయన బొమ్మల ముందు నిలబడి జనం ఎన్నో అన్నారు గాని, ఆ బొమ్మలో మనిషికి ఏం కావాలో ఒక్కరూ అనలేదు. కావలసింది తన జేబులో ఉంది. అది ఇవ్వకపోవడం వల్లే బొమ్మ అంత బాగుంది. అమ్మాయి వెళ్లాక కుర్చీలో, చెల్లెలు కూర్చునే చోట కూలబడ్డాడు. కూలబడి, ఆమె ఎటు చూస్తూ చెప్పేదో అటు చూశాడు. అక్కడ తాను నిలబడే చోటు ఉంది. నేల మీద రంగు చుక్కలు తప్ప ఏమీ లేవు.

ఎనిమిదో గురువారం రమ్మని కబురు చేశాడు. బొమ్మ అయిపోయిందన్నావుగా అంటూనే ఆమె వచ్చింది. కూర్చోమన్నాడు. తాను నిలబడలేక ఒక స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన ఎవరి ముందూ అలా కూర్చోలేదు. బావమరిది ఫోను చేసిన సంగతి చెప్పాడు. టీ తాగడానికి ఆగడం, నవ్వడం, కళ్లజోళ్లవాళ్లు ఉండుంటారనడం, తప్పు నాదేననడం, నాకు సిగ్గు అనడం, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. నవ్వుతూ అన్నారా అని అడిగింది. అవునన్నాడు. కోపంగా లేరా అని అడిగింది. లేడన్నాడు. మళ్లీ చెప్పు అంది. చెప్పాడు. కళ్లజోళ్లవాళ్లు అన్న దగ్గర ఆపి, ఆ ముక్క ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నాకు సిగ్గు అన్నారా, ఆయనకు సిగ్గు కూడానా అని నవ్వింది. మూడేళ్లలో చెల్లెలి భుజాలు అంత కిందికి దిగడం ఆయన చూడలేదు. ఇంత చిన్న పని. ఇంతే పని.

"ఎంత మతిమరుపు అన్నయ్యా నీకు" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "నేను ఇన్ని వారాలు మొత్తుకుంటుంటే, ఇప్పటికి గుర్తొచ్చిందా?"

తల ఊపితే చాలు. ఆమే అందించింది, అందుకోవడమే తరువాయి. చెల్లెలు సంతోషంగా ఇంటికి వెళుతుంది, తాను మతిమరుపు మొద్దుగా మిగిలిపోతాడు, అంతకంటే ఎవరికి నష్టం? ఆయన తల ఊపడానికి సిద్ధమయ్యాడు కూడా. కాని ఆమె అంత నమ్మకంగా చూస్తుంటే మెడ కదలలేదు.

"గుర్తొచ్చింది ఇప్పుడు కాదు" అన్నాడు. "నువ్వు మొదటిసారి చెప్పినప్పుడే."

ఆమె కొంగు దించింది. మరి ఎందుకు చెప్పలేదు అని అడిగింది. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలని ఉంది, అంతే. ఆయన నోటితో చెప్పలేక బొమ్మ వైపు చూశాడు. బొమ్మ అయ్యేదాకా కూర్చున్నవాళ్లకు చూపించడం ఆయనకు అలవాటు లేదు. ఆమె లేచి దాని ముందుకు వెళ్లింది. దుకాణంలో అద్దం మీద గీత వెతికినట్టు వంగి, దగ్గరగా చూసింది.

"ఈ కన్ను ఎప్పుడు గీశావు?"

"ఆ రోజే. నువ్వు చెప్పిన రోజు."

"మూతి?"

"ఆ తర్వాత రెండు వారాలు. మొదటిసారి సరిగ్గా రాలేదు."

"అందుకా మళ్లీ మొదటినుంచి చెప్పమన్నావు" అంది. ఆ వారమే కదా ఫ్రేము విరిచాను అని తనలో తాను అనుకుంటున్నట్టు అంది. తర్వాత నుదురు అడిగింది. ఆరో గురువారం అన్నాడు. ఒక్కొక్కటీ చూపించి అడుగుతోంది, ఒక్కొక్కటీ చెబుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూనే, ఆ జవాబుల్లో ఎక్కడో ఒక ఊరట కూడా ఉంది ఆయనకు. తప్పే, కాని దానికొక కారణం ఉంది. కళ్ల ముందు కనిపిస్తోంది ఆ కారణం. చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

ఆమె వేలు బొమ్మ కిందికి వచ్చింది. "చెయ్యి?"

"పోయిన గురువారం."

ఆమె వెనక్కి తిరిగింది. "ముఖం అయిపోయిందన్నావు కదా ఆ రోజు. చేతికి ముఖంతో పనేముంది అన్నయ్యా?"

ఆయన దగ్గర దీనికి కుట్టించి పెట్టుకున్నది ఏమీ లేదు. ఆ గురువారం కల గురించి ఆమె చెబుతుంటే తాను ఏం చేశాడో గుర్తొచ్చింది. కణుపుల దగ్గర ఎరుపు కలిపాడు. ఆ చేతిని ఆమె నవ్వుతూ ఉన్నా గీయవచ్చు, నిద్రపోతూ ఉన్నా గీయవచ్చు. ఒక వారమంతా ఊరికే, ఏమీ దక్కని చోట, ఆమెను అలా ఉంచేశాడు. కింద ప్రెస్సువాళ్లు యంత్రం ఆపారు. నేల అదరడం ఆగింది.

"నువ్వు నన్ను మంచివాడన్నావు" అన్నాడు చివరికి. "చెబితే అది పోతుందని చెప్పలేదు."

ఆమె ఆ మాట వింది. ఏడవలేదు, అరవలేదు. తిడితే బాగుండునని ఆయన కాచుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు పోయింది అన్నయ్యా" అంది.

సంచీ తీసుకుని చెప్పులేసుకుంది. గుమ్మంలో ఆగి, ఫోనులో భర్త అన్న మాటలు ఇంకొక్కసారి, ఆయన అన్నట్టే చెప్పమంది. చిత్రకారుడు స్టూలు మీదనుంచి లేచి నిలబడి, మొదటినుంచీ చెప్పాడు. ఆమె చివరిదాకా విని, మెట్లు దిగి వెళ్లిపోయింది.